రోము రాణికి కుంకుమబొట్టు

మా ఆవిడ రాజ్యశ్రీ జర్మనీ వచ్చి నలభై ఎనిమిదేళ్ళయింది. స్టుట్‌గార్ట్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అయినా నల్లబడ్డ వెండి కంటబడితే చెయ్యి ఊరుకోదు, విభూది పెట్టి తోమేస్తుంది. ఇది తెలిసీ నా పాత వెండి నాణేన్ని బల్ల మీద వదిలేశాను చూడండి, నాకు బుద్ధి లేదు.

ఆ నాణెం రోము రాణి ఫాస్టీనాది. ఆవిడ పోయాక మొగుడు చక్రవర్తి ఆవిడను దేవతను చేసి, ఆవిడ బొమ్మతో వెండి నాణేలు వేయించాడు. పద్దెనిమిది వందల ఏళ్ళ నలుపు దాని మీద. మా నాణేల సంఘంలో ఆ నలుపుకే మర్యాద, తోమితే విలువ పోయినట్టే. ఆ సంఘంలో ముప్పై ఏళ్ళుగా వెనక కుర్చీ నాది. కరోనా పుణ్యమా అని సమావేశాలు జూమ్‌లోకి వచ్చాక, మొదటిసారి నన్ను మాట్లాడమన్నారు. ఆ శ్రావణ శుక్రవారం సాయంత్రం ఆరింటికి.

అయిదింటికి చూస్తే నాణెం లేదు!

"రాజ్యం, నా నాణెం ఏదే?"

"పూజలో ఉందండీ. ఏటా ఎవరో ఒకరు ఇండియా నుంచి లక్ష్మి బిళ్ళ తెచ్చేవారు. ఈసారి ఫ్లైట్లే లేవాయె!"

కలశం ముందు బియ్యం మీద నా ఫాస్టీనా, నిన్న కొన్న గిన్నెలా తళతళలాడుతోంది. జడ మడతల్లో కుంకుమ.

"నీ దుంపతెగ! తోమేశావా?"

"మసిపట్టిన వెండి ఎవరైనా పూజలో పెడతారా? ఆవిడ దేవతని చెప్పింది మీరేగా?"

ఒళ్ళు మండిపోయింది. నాణేన్ని తీసి ఎంత తుడిచినా మడతల్లో కుంకుమ వదల్లేదు.

ఆరింటికి నాణేన్ని కెమెరా ముందు పెట్టాను. ఆ ఎరుపేమిటని అధ్యక్షుడు అడిగాడు. అబద్ధమాడదామంటే నోరు రాలేదు. పొద్దున మా ఆవిడ తోమి పూజ చేసిందని చెప్పేశాను. నా పరువు గంగలో కలిసిందనుకున్నాను.

అప్పుడు సంఘంలోని ఒక ముసలావిడ అంది, "ఈ రాణికి పూజ జరిగి ఎన్ని వందల ఏళ్ళయిందో! మీ ఆవిడను పిలవండి."

రాజ్యశ్రీ పట్టుచీర సర్దుకుని నా కుర్చీలో కూర్చుంది. తన ఆసుపత్రి జర్మన్‌లో గలగలా మొదలుపెట్టింది. అయిదు నిమిషాలకు నా వైపు తిరిగింది.

"ఏవండీ, ఈ ల్యాప్‌టాప్ కాస్త ఎత్తి పట్టుకోండి. వాళ్ళకు కలశం కనబడాలి."

పట్టుకున్నాను. నేను రాసుకున్న పన్నెండు పేజీలు జేబులోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన ఆ గంటలో తెర మీద నావంటూ కనబడినవి, అంచున రెండు వేళ్ళే.