మంచం మీద బతుకమ్మ

ప్రత్యేక రాష్ట్రం కోసం మానుకోటలో జనం రోజూ రోడ్డెక్కుతున్న కాలమది. ఆ ఏడు పెద్ద బతుకమ్మను నడిరోడ్డు మీద పెట్టి ఆడాలని మా గల్లీ ఆడవాళ్లు అనుకున్నారు. వాన పడుతుండడంతో పేర్చే పని, వీధి వైపు మట్టి గోడ కట్టి మూసిన మా ఇంటి వసారాలో పెట్టుకున్నారు. మాది కిరాణా దుకాణం నడిపే ఇల్లు. మా బాపు ఒక్క షరతు పెట్టాడు: పూలు ఇంట్లో పేర్చుకోండి గానీ, అమ్మ మాత్రం రోడ్డు మీదికి రాదు. అమ్మ తలూపింది. పండుగ చీర మాత్రం పొద్దున్నే కట్టుకుంది.

నాకు పూలకన్నా ఆ పని జరిగే తీరు మీదే ధ్యాస. అక్కడ పెద్దరికం ఎవరిదీ కాదు. కురవి నుంచి వచ్చిన ఒక అక్క తంగేడు పూలు తెచ్చింది, గునుగు పూలకు ఇంకెవరో రంగులద్దారు.

"ఇంత పెద్దది పళ్లెంల ఆగదు" అని ఒకామె అంటే, "ఎదురు సిబ్బి తెద్దాం" అని ఇంకొకామె.

"సిబ్బి గూడ సాలదు. నులక మంచమేసుకుంటే నలుగురం పట్టుకపోవచ్చు" అని మరొకామె.

ఏ ఆలోచన ఎవరిదో పట్టుకుందామని చూశాను, చిక్కలేదు. ఒకరు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు పూర్తి చేసేవారు. మంచాన్ని అడ్డంగా ఒరగబెట్టి దర్వాజలోంచి లోపలికి తెచ్చారు. దాని మీద గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస నా నెత్తి దాటేదాకా పేర్చారు.

ఎత్తబోతే అప్పుడు తెలిసింది. ఒరిగితే గానీ మంచం దర్వాజలో పట్టదు, ఒరిగితే బతుకమ్మ మిగలదు. కొలత చూసే పనిని అందరూ పక్కవాళ్లకు వదిలేశారన్నమాట. అందరూ పడీపడీ నవ్వారు.

"ఇప్పి మళ్ల పేరుద్దామా?"

"పేర్చినంక చెరువుల ఇడుసుడే గని, ఇంట్ల ఇప్పుతరా?"

ఒకామె వీధి వైపు మట్టి గోడను చేత్తో తట్టింది. "గిది మస్తు నానింది."

"దీని మీద కప్పు బరువు గూడ లేదు" అంది పక్కామె.

దంతాలపల్లి నుంచి కూతురింటికి వచ్చిన ఒక అవ్వ, మా పెరట్లోంచి గడ్డపార పట్టుకొచ్చింది. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ గోడకు ఆనించిన బియ్యం బస్తాను పక్కకు లాగింది.

గోడ కూలిన చప్పుడుకు బాపు దుకాణంలోంచి ఉరికొచ్చాడు. సరిగ్గా గోడ కూలిన ఆ సందులోనే నిలబడ్డాడు.

"ఎవలు కొట్టమన్నరు గోడ?"

కళ్లప్పగించి చూసిన నేను కూడా ఆ మాట మొదట ఎవరన్నారో చెప్పలేను. అమ్మ మాత్రం అనలేదు. కానీ అప్పటికే అమ్మ ముందువైపు మంచంకోడు పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే" అంది. "బరువున్నది. జర పక్కకు జరుగుండ్రి."

బాపు జరిగాడు.