ఇస్త్రీ అక్క పథ్యం

పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడే మనిషికి వేడి చెయ్యక చలవ చేస్తుందా? ఇదీ డ్రైవరుగారి వాదం. ఆయన భార్యని వీధి వీధంతా ఇస్త్రీ అక్క అంటుంది. ఈమధ్య ఆమెకి కడుపుబ్బరం పట్టుకుంది, నిద్ర కరువైంది. ఆయనే వెంటబెట్టుకుని ఆయుర్వేద వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళాడు. మంచిదే. తీసుకువెళ్ళినవాడు కాస్త నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా! కూర్చోడు. బతుకంతా బస్సు తోలి రిటైరైన మహానుభావుడు మరి.

"ఆకలి ఎలా ఉంటుందమ్మా?" అని వైద్యురాలు అక్కనే అడిగింది.

"వేళకి ముద్ద పడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుందండీ," అన్నాడు డ్రైవరు.

"చెమట?"

"ధారలు కట్టేస్తుందండీ."

"కోపం?"

"ముక్కు మీదే!"

బ్యాంకులోనైనా, పిల్లల బడిలోనైనా ఆమెని అడిగినదానికి జవాబు ఆయనే చెప్పేవాడు. ఆమెకీ అదే అలవాటైపోయింది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. వైద్యురాలు తొందరలో విన్నదే నమ్మి, పిత్త ప్రకృతి, అంటే వేడి ఒళ్ళు అని తేల్చేసింది. కారం, పులుపు, వెల్లుల్లి ముట్టకూడదు. చల్లటి పాలు, దోసకాయ ముక్కలు, పచ్చికూరలు తినాలి.

ఆ రోజునుంచి డ్రైవరు పథ్యానికి కాపలాదారు అయ్యాడు. తను మాత్రం కారం దట్టించిన వేపుడు లొట్టలేసుకుంటూ తింటూ, "నీ మంచికే కదే!" అనేవాడు. ఒళ్ళు మండదూ? అక్క పొట్ట మరింత ఉబ్బింది. చేతుల చర్మం పగిలింది. కాలుతున్న పెట్టె పక్కనే శాలువా కప్పుకుని వణుకుతుంటే, పక్క కొట్టు టైలరు పగలబడి నవ్వాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వణికే చెయ్యే పట్టు తప్పింది. ఎవరిదో పట్టు చొక్కా, కాలరు పక్కన గోధుమరంగు మచ్చ పడింది. అక్క చేతిలో బట్ట కాలడం అదే మొదలు. ఆ చేతులే పోతే తనకి మిగిలేదేముంది? ఏడుపు రాలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టపగలే ఇస్త్రీ కొట్టుకి తాళం వేసి వైద్యురాలి దగ్గరికి బయలుదేరింది. సంగతి తెలిసి డ్రైవరు రొప్పుతూ వెనకే వచ్చాడు.

"ఆకలి ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడిగింది వైద్యురాలు.

"అదే చెప్పాను కదండీ, వేళకి..." అని అందుకున్నాడు డ్రైవరు.

"నువ్వు నోరు ముయ్యవయ్యా!" అంది అక్క. "ఈ ఒంట్లో ఉన్నది నువ్వా నేనా?"

బయట బల్ల మీద కూర్చున్న రోగులు కిసుక్కున నవ్వారు. డ్రైవరు మొహం మాడిపోయింది.

"పెట్టె పక్కన నిలబడ్డా నాకు చెమట పట్టదండీ. కాళ్ళు ఐసుముక్కల్లా ఉంటాయి. ఇక కోపమంటారా, ఇవాళే వచ్చింది. ఇన్నాళ్ళూ రానిచ్చిందెవరు?"

వైద్యురాలు ఈసారి నిదానంగా నాడి పట్టుకుని చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"తప్పు నాదేనమ్మా, మిమ్మల్ని కూర్చోబెట్టి ఆయన మాట విన్నాను. మీది వాత ప్రకృతి. చల్లటివి మీకు అస్సలు పడవు. మరి ఆయన చెప్పిన లక్షణాలన్నీ ఎవరివి?"

అక్క మొగుడి వైపు తిరిగింది. ఆయన మెడ మీదుగా చెమట ధార కట్టి కారుతోంది.

"నీ ఒంటి సంగతులన్నీ చెప్పి, నీ పథ్యం నా చేత తినిపించావా? నా ఒళ్ళెలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

డ్రైవరు గబగబా మెడ తుడుచుకున్నాడు.

"వేడివేడిగా, నెయ్యి తగిలించి తినండి," అంది వైద్యురాలు. "అన్నిటికన్నా ముఖ్యం, ఆకలేసినప్పుడే తినాలి. మీరు ఎప్పుడు తింటారు?"

"ఇంట్లో అందరూ తిన్నాక."

"మరి ఆకలి ఎప్పుడు వేస్తుంది?"



"పొయ్యి వెలిగించేటప్పుడేనండీ. వాళ్ళందరికన్నా ముందు."

ఆ సాయంత్రం అక్క వంట దించి, వడ్డించుకుని, వంటింటి మధ్యలో కూర్చుంది. గుమ్మంలో డ్రైవరు అటూ ఇటూ తచ్చాడాడు. చివరికి, "ఆకలేస్తోందే," అన్నాడు.

"వేస్తుంది. కాసేపు ఓర్చుకో, నేను తింటున్నాను," అంది అక్క. తల ఎత్తకుండా, హడావిడి పడకుండా, తృప్తిగా తిన్నది.