వలయం లోపల మూడు చుక్కలు

ఈ ఉదయం మా ప్రయోగశాల తలుపును ఎవరో ఒక్క నిమిషం తెరిచి ఉంచారు. మిర్చి యార్డుకు లారీలు బారులు తీరే కాలం ఇది. ముందు ముక్కులో సన్నని మంట, తరువాత గొంతులో గరగర, ఆపైన తుమ్ము. అయితే తుమ్ము రాకముందే నా ఎడమ చేయి దానంతట అదే కదిలి, ఎదురుగా తెరిచి ఉన్న సూక్ష్మజీవుల ప్లేటుపై మూత పెట్టింది. తుమ్మడం శరీరానికి పుట్టుకతోనే తెలుసు. మూత పెట్టడం మాత్రం రూతమ్మ గారు నేర్పారు.

పన్నెండేళ్ళ కిందట, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో వచ్చిన బంగారు పతకం తాలూకు బిగువు ఇంకా వదలకముందే, గుంటూరులోని ఒక ఆస్పత్రి ప్రయోగశాలలో చేరాను. పరీక్ష ఫలితం రాసి సంతకం చేసే బాధ్యత నాది. ఆ ఫలితం పుట్టడానికి కావలసిన పని అంతా రూతమ్మ గారిది. ఆవిడ డిప్లొమా చదివిన సీనియర్ టెక్నీషియన్. అద్దంకి దగ్గర పల్లెలో, పత్తికీ మిర్చికీ కూలికి వెళ్ళిన ఇంట్లో పుట్టారు. ఆదివారం చర్చి అయ్యాక అదే తెల్లచీరతో వచ్చి, సూక్ష్మజీవులను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తెరిచి, ప్లేట్లు చూసుకుని ఇంటికి వెళ్ళేవారు. నలుగురి ముందు నన్ను ‘మేడం’ అనేవారు, ఇద్దరమే ఉన్నప్పుడు ‘అమ్మాయ్’ అనేవారు. ఆ రెండింటిలో ఏది గౌరవమో గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా పని ఎలా ఉంటుందో చెప్పాలి. రోగి రక్తంలో దొరికిన సూక్ష్మజీవిని జున్నులా గట్టిపడిన ఆహారంపై పలుచగా పరిచి, దానిమీద మందులో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్ళలను ఉంచుతాము. మర్నాటికి ప్లేటంతా సూక్ష్మజీవి మంచులా కమ్ముకుంటుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం ఒకటి ఏర్పడుతుంది. దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఈ మందుకు లొంగింది, ఈ మందుకు లొంగలేదు అని రాస్తాము. రూతమ్మ గారు మా రిజిస్టరులో స్కేలుతో గీత గీసి ఒక గడి అదనంగా చేర్చారు. దాని పేరు ‘లోపల’. వ్యాసం రాశాక, వలయం లోపల ఏమైనా కనిపించిందా అన్నది అందులో రాయాలి. ఏమీ లేకపోతే ‘ఏమీ లేవు’ అని పూర్తి మాటల్లో రాయాలి, అడ్డగీత పెట్టకూడదు. రిపోర్టు వెళ్ళిపోయిన ప్లేటును కూడా ఆవిడ మరో రోజు అట్టేపెట్టి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవులో వేసే ముందు కిటికీ వెలుగులో తిప్పి మళ్ళీ చూసేవారు.

‘కొలత తీసుకున్నాం, రిపోర్టు ఇచ్చాం. ఇంకా ఏం చూస్తారండీ?’ అని ఒకసారి అడిగాను.

‘మా నాన్న పత్తి చేలో మందు కొట్టేవాడు. కొట్టిన మర్నాడు తెల్లారే మళ్ళీ చేలోకి పోయేవాడు. ఆసామి నవ్వేవాడు, చచ్చిన పురుగుల్ని లెక్కెట్టడానికి పోతున్నావేంట్రా అని.’

‘అందుకే వెళ్ళేవారా?’

‘చచ్చినవాటితో ఏం పనమ్మాయ్? ఆకు తిరగేసి బతికినవాటిని చూసేవాడు. రేపు చేనంతా వాటిదే గదా.’

నేను ఆ మాటను మెచ్చుకున్నాను. మెచ్చుకుని, మనసుకు ఎక్కించుకోకుండా వదిలేశాను.

మార్చిలో నాగమణి అనే ఆమెను చేర్చారు. శీతల గిడ్డంగిలో మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. కాన్పయిన వారానికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఐసీయూలో ఆమె, బయట వరండాలో పసిబిడ్డతో ఆమె తల్లి. ఆ తల్లి రోజుకు నాలుగైదు సార్లు కింది అంతస్తులోని మా కిటికీ దగ్గరకు వచ్చి ఒకే ప్రశ్న అడిగేది: ‘మందు దొరికిందామ్మా?’

ప్లేటు చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆరు బిళ్ళలు. ఐదింటి చుట్టూ వలయమే లేదు, సూక్ష్మజీవి బిళ్ళను ఆనుకుని పెరిగింది. ఆరవది మెరోపెనెమ్ అనే బలమైన మందు. దాని చుట్టూ చక్కని వలయం, ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. లొంగినట్టే. ఆ వలయం లోపల, అంచుకు దగ్గరగా, ఆవగింజలో సగం కూడా లేని మూడు చుక్కలు ఉన్నాయి. అవి నాకు కనిపించాయి. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. మిర్చి కాలంలో మా ప్లేట్లపై దుమ్ము పడటం, దానితో అక్కరలేనివి మొలవడం మామూలే. ‘యార్డు దుమ్ము’ అనే మాట మా దగ్గర ప్రతి అనుమానానికీ సిద్ధంగా ఉండే సమాధానం. కిటికీ అవతల ఆ తల్లి నిలబడి ఉంది. నేను ‘లోపల’ గడిలో ‘ఏమీ లేవు’ అని రాసి సంతకం చేసి, కిటికీ వైపు తిరిగి ‘దొరికిందండీ’ అన్నాను. ఆమె బిడ్డను భుజానికి హత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నేను వచ్చేసరికి రూతమ్మ గారు ఆ ప్లేటును పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రిజిస్టరు నా బల్లమీద తెరిచి ఉంది.

‘మేడం, ఇవేంటండీ?’ అన్నారు. ఇద్దరమే ఉన్నాము, అయినా మేడం అన్నారు.

‘దుమ్మండీ. యార్డు దుమ్ము.’

‘మొన్న అదే గంటలో పది ప్లేట్లు పెట్టాను. మిగతా తొమ్మిదింటిలో చుక్క లేదు. ఏమీ పరచని ఖాళీ ప్లేటూ శుభ్రంగా ఉంది. యార్డు దుమ్ముకి నాగమణి ప్లేటు ఒక్కటే దొరికిందా?’

నేను ప్లేటు దగ్గరికి వంగాను.

‘దుమ్ములో వచ్చినవైతే ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి బూజులా ఉంటాయి. ఈ మూడూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి, చుట్టూ ఉన్నదాని లాగే మెరుస్తున్నాయి. నిన్న కనిపించాయా నీకు?’

‘కనిపించాయి.’

ఆవిడ ముఖంలో కోపం కనిపించి ఉంటే నాకు తేలికగా ఉండేది. చేతి గడియారం చూసుకున్నారు. ‘మందు మొదలుపెట్టి ఒక రోజవుతుంది. నేను ఈ చుక్కల్లోంచి తీసి మళ్ళీ పరుస్తాను, రేపు ఈ పాటికి తెలుస్తుంది. నువ్వు పైకి వెళ్ళు.’

‘రేపు తెలిశాక చెబుదామా? ఇప్పుడు మన దగ్గర రుజువు లేదు కదండీ.’

‘రుజువు మనకి కావాలి. ఆమెకి టైము కావాలి. మనకి తెలిసింది చెప్పు, తెలియంది తెలియదని చెప్పు. ఫోన్లో కాదు, వెళ్ళి చెప్పు.’

మూడు అంతస్తుల మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒక వాక్యాన్ని తయారుచేసుకుని, తరువాతి మెట్టు మీద దాన్ని కొట్టివేశాను. ఐసీయూ డాక్టరు నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, రెండు రోజులుగా నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. ఆ రిపోర్టు మీద అనుమానం ఉందని నేను అనగానే ఫైలు మూశాడు.

‘నిన్న లొంగిందన్నారు, ఇవాళ లొంగలేదేమో అంటున్నారు. మీది ల్యాబా, చిలక జోస్యమా?’

‘వలయం లోపల మూడు చుక్కలున్నాయి సార్. అవి దుమ్మో, మందును తట్టుకుని బతికినవో రేపు ఉదయానికి గాని తేలదు.’

‘రాత్రికి రాత్రి మొలిచాయా అవి?’

‘లేదు సార్. నిన్ననే చూశాను. చూసి, లేవని రాశాను.’

అతను ఫైలు మళ్ళీ తెరిచాడు. తరువాత నాగమణి జ్వరం పట్టికను చూశాడు. తగ్గలేదు. ‘ఇప్పుడు కలపగలిగినది మీ ఆరు బిళ్ళల్లో లేని కొలిస్టిన్ ఒక్కటే. అది కిడ్నీల మీద పడుతుంది. ఈమె కిడ్నీలు ఇప్పటికే అంతంత మాత్రం. రేపు మీ చుక్కలు దుమ్మని తేలితే, ఆ కిడ్నీలకు ఎవరు జవాబు చెప్తారు?’

నేను చెబుతానన్నాను. అది అర్థం లేని మాట అని ఇద్దరికీ తెలుసు. ఆమె కిడ్నీలకు నా జవాబుతో ఏం పని? అయినా అతను నర్సును పిలిచి మందు రాసిచ్చాడు. వెళ్ళబోతున్న నాతో, ‘చూసింది రాయండమ్మా. దుమ్ము అవునో కాదో మేం కూడా ఆలోచించగలం’ అన్నాడు.

కిందికి వచ్చేసరికి రూతమ్మ గారు కొత్త ప్లేటు పరచడం పూర్తి చేశారు. ఎర్ర సిరా పెన్ను నా ముందు పెట్టారు. ‘ఏమీ లేవు’ అన్నదాని మీద ఒకే ఒక గీత గీయించారు, కింది అక్షరాలు చదవడానికి వీలుగా ఉండేలా. దాని పక్కన ‘మూడు. నిన్న చూసినవి’ అని రాయించి, తేదీ, గంట, సంతకం పెట్టించారు. ఆ రోజంతా ఆవిడ మరో మాట అనలేదు. నేను పది నిమిషాలకోసారి ఇంక్యుబేటర్ వైపు చూస్తుంటే మాత్రం, ‘అది అన్నం కుండ కాదు, మాటిమాటికీ మూత తీయడానికి’ అన్నారు.

మర్నాడు ప్లేటును నేనే బయటికి తీశాను. మెరోపెనెమ్ బిళ్ళ చుట్టూ వలయం లేదు. మూడు చుక్కల సంతతి బిళ్ళను ఆనుకుని, దట్టంగా పెరిగింది. రిపోర్టు రాసుకుని మళ్ళీ ఆ మెట్లెక్కాను. ఈసారి డాక్టరు చదివి, తల ఊపి, ‘నిన్ననే కలిపాం కదా’ అన్నాడు. అంతే. ఆ తరువాతి రోజులు ప్రయోగశాల లోపలే గడిచినట్టు గుర్తు. నాగమణికి మూత్రం తగ్గింది, ఆగిపోతుందేమో అనుకున్నారు. నాలుగో రోజు జ్వరం దిగింది. కిడ్నీలు మెల్లగా దారికి వచ్చాయి. మూడు వారాలకు ఆమె గోడ పట్టుకుని నడిచి, ఆటో ఎక్కి వెళ్ళింది.

వెళ్ళే ముందు ఆమె తల్లి మా కిటికీ దగ్గరకు వచ్చింది. ‘మందు దొరికిందని చెప్పింది నువ్వే కదామ్మా. నీ నోటి చలవ’ అని నా చేయి పట్టుకుంది. తొడిమలు తీసీ తీసీ ఆమె వేళ్ళ చివర్లు కమిలి ఉన్నాయి. నేను నోరు తెరవబోయేలోపే రూతమ్మ గారు ఆమెతో, ‘బిడ్డకి ఎండ తగలనీయకు, బయల్దేరు’ అన్నారు. ఆమె వెళ్ళాక, నన్నెందుకు ఆపారని అడిగాను.

‘డాక్టరుకి చెప్పావు, ఆయనకి అవసరం. పుస్తకంలో రాశావు, రేపు చదివేవాళ్ళకి అవసరం. ఆమెకి చెప్తే ఎవరి బరువు దిగుద్ది?’

ఆ మాట సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆమెకు తెలుసుకునే హక్కు లేదా అని ఒక రోజు అనిపిస్తుంది, నా తేలిక కోసం ఆమె సంతోషాన్ని చెడగొట్టేదాన్నని మరో రోజు అనిపిస్తుంది.

తరువాత నేను పరిశోధనలోకి వెళ్ళాను. నాగమణి రక్తంలోని ఆ సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీన్ నా పీహెచ్‌డీ అయింది. రెండు జింకు అయాన్లను కడుపులో పెట్టుకుని, మందు అణువును పట్టుకుని, దాని చట్రాన్ని తెంపివేసే ప్రోటీన్ అది. ఆ మూడు చుక్కలూ ఆ ప్రోటీన్‌ను మిగతావాటికంటే ఎక్కువగా తయారుచేసుకున్న కణాల నుంచి పెరిగాయి. దాని ఆకృతి మొదటిసారి తెరమీద పూర్తిగా కనిపించినప్పుడు, అప్పటికి రిటైరైన రూతమ్మ గారిని పిలిచి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని, చుట్టలు తిరిగిన ఆ రంగుల రిబ్బన్లను చాలాసేపు చూశారు.

‘ఇదేనా? ఇంత అందంగా ఉందేంటే, పాడుది’ అన్నారు. కాస్త ఆగి, ‘ఆ పిల్ల పేరు ఎక్కడన్నా రాశావా?’ అని అడిగారు.

‘పేరు రాయకూడదండీ. నంబరు ఒక్కటే.’

‘నంబరైనా తిన్నగా రాశావా?’

ఆ తరువాత రెండేళ్ళకు ఆవిడ గుండెపోటుతో పోయారు. చర్చి ప్రాంగణంలో అందరూ ఆవిడ పాటల గురించి, వంట గురించి మాట్లాడారు. రిజిస్టరులోని ఆ అదనపు గడి గురించి చెప్పాలని నేను లేచాను గాని, అది ఏమిటో తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరని మళ్ళీ కూర్చున్నాను.

పరిశోధన అయ్యాక నేను మళ్ళీ ఈ ప్రయోగశాలకే వచ్చాను. ఈ ఉదయం తుమ్ము తగ్గాక మూత తీశాను. నిన్న కొలిచి, ఫలితం పంపేసిన ప్లేటు అది. పారవేసే ముందు కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి, వెలుగు వాలుగా పడేలా పట్టుకుని, ఒక్కో వలయాన్నీ అంచు నుంచి నడుమ వరకు చూశాను. మళ్ళీ చూశాను. తరువాత రిజిస్టరు తెరిచి ‘లోపల’ గడిలో, నిన్న రాసినదాని కింద, మళ్ళీ ‘ఏమీ లేవు’ అని రాశాను. ఆ రెండు మాటలు రాయడానికి నాకు ఇప్పటికీ మిగతా రిపోర్టు అంతటికంటే ఎక్కువ సేపు పడుతుంది.