తొమ్మిది ఖర్జూరపు పిలకలు

ఊళ్లో అందరికీ దుబాయ్ అనే చెప్పుకున్నాం గానీ, మా కాపురం రాస్ అల్ ఖైమా పట్నం దాటి కొండల వైపు పోయే దారిలో ఒక ఖర్జూరపు తోటలో. మా ఆయన ఆ తోటకు కాపలా, పాటు అన్నీ తానే. తోట యజమాని ఒక ముసలి అరబ్బు. ఆయన్ని మేం అర్బాబ్ అనేవాళ్లం. నన్ను అక్కడికి పిలిపించుకున్నది డెబ్బైల చివర్లో. అంతకు ముందు ఏడాది మా పాప పోయింది, పదకొండు నెలల పిల్ల. ఒంటరిగా ఉంచితే నేను మాట్లాడటం మరిచిపోతానని భయపడి మా ఆయన అర్బాబ్‌ను బతిమాలి వీసా తెప్పించారు. అల్లా వాళ్లిద్దరికీ మేలు చేయాలి.

నేను బడికి పోలేదు. ఖురాన్ చదవడమూ తెలుగు అక్షరాలూ రెండూ మా అమ్మే వంటింటి గడప మీద కూర్చోబెట్టి నేర్పింది. ఆ తోటలో కూడా ఐదు పూటలా నమాజు చేసేదాన్ని. వేళ తప్పలేదు. దువాకు చేతులెత్తితే మాత్రం ఏం అడగాలో తోచేది కాదు. ఉన్నదానికి షుకర్ చెప్పి లేచేదాన్ని.

ఒకప్పుడు ఆ ఊరి ఖర్జూరం ఓడలెక్కి పోయేదట. నేను వెళ్లేసరికి తోటతోటకీ డీజిల్ పంపు వచ్చి, బావుల్లో నీళ్లు ఉప్పుతేలి ఉన్నాయి. చెట్లకు బస్తా ఎరువు, పైన పురుగుమందు. పడుచువాళ్లంతా ఆఫీసు ఉద్యోగాలకు పోయారు. అర్బాబ్ ఒక్కడే తన తండ్రి చేసినట్టు చేస్తానని పట్టుబట్టాడు. మందు వద్దు, బస్తా ఎరువు వద్దు. మేకపెంట, ఎండిన చిన్న చేపలు గుంతల్లో వేయించాడు. ఆ చేపల కంపు నా కొంగుకు వారం రోజులు వదల్లేదు.

తోటలో ఆ ఊరి పాత రకం చెట్టు ఒక్కటే మిగిలింది. దాని మొదట్లో తొమ్మిది పిలకలున్నాయి. వాటిని గడ్డపారతో విడదీసి వేరే గుంతల్లో నాటితే తోట మళ్లీ మొదలవుతుందని అర్బాబ్ ఆశ. ఆయన పెద్దకొడుకు పట్నంలో ముదీర్, అంటే మేనేజరు. తోటను లారీలు నిలబెట్టే జాగా చేద్దామని అతని పట్టు. ఒకరోజు కొడుకు పికప్‌లో వచ్చి తండ్రితో చాలాసేపు వాదించి వెళ్లాడు. మా ఆయన వచ్చి చెప్పారు.

“తొమ్మిదిట్లో ఐదు బతికితే తోట జోలికి రాడంట. ఎండాకాలం దాటినాక వచ్చి చూస్తాడంట.”

“నాలుగు బతికితే?”

“ఇంగ లారీలే.”

చలి తగ్గగానే పిలకలు నాటారు. ఎండ తగలకుండా ఒక్కోదానికి గోనెపట్టా చుట్టారు. నలభై రోజులు రోజూ నీళ్లు పోయాలి. ఆ పని నాకిచ్చారు. మా ఆయన పగలంతా పాత నీటికాలువలో పూడిక తీస్తూ ఉండేవారు.

మా పుట్టింటిది ఆకుతోట. తమలపాకు తీగకు మొదట్లో పోస్తే చాలదు, ఎండలు ముదిరితే చెంబుతో ఆకుల మీదా చల్లాలి. నడక వచ్చినప్పటి నుంచీ చేసిన పని అది. ఇక్కడ ఎవరూ నాకు వేరే చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం గోనెపట్టా ముడి విప్పి, బిస్మిల్లా అని, మొదట్లో బిందెడు, నెత్తిన చెంబెడు. తొమ్మిదింటికీ అంతే. ముప్పై రోజులకు పైగా ఒక్క పూట మానలేదు. చేతులు పని చేస్తూ పోయేవి, నేను వాటి వెనకాల ఎక్కడో నడిచేదాన్ని.

ఒక పొద్దున అర్బాబ్ వచ్చి గోనెపట్టాలు విప్పి చూశాడు. ఒక పిలక నడిమి మొవ్వ పట్టుకుని కొంచెం లాగాడు. అది అలాగే చేతిలోకి ఊడి వచ్చింది. కింద నల్లగా, పులిసిన వాసన. రెండోదీ అంతే. అలా నాలుగు. మిగతావి గట్టిగానే ఉన్నాయి.

“సర్ పే పానీ కౌన్ డాలా?” అన్నాడు. నెత్తిన నీళ్లు ఎవరు పోశారని. ఖర్జూరానికి ప్రాణమంతా ఆ నడిమి మొవ్వలోనే ఉంటుందట, అందులో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుందట. అక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

మా ఆయన నా వైపు చూడలేదు. “మై డాలా, అర్బాబ్” అన్నారు, తానే పోశానని.

నేను బిందె పట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం రొట్టెలు చేసి పెట్టాను, తిన్నారు.

“ఎందుకట్ల చెప్తివి?” అన్నాను.

“నన్ను తిడితే నేను పడతా. నిన్ను తిడితే నువ్వు ఆ తిట్టు కూడా వినవు. ఆ మాదిరి నిన్ను చూడలేను నేను.”

ఆ తర్వాత తొమ్మిది రోజులు నమాజులో కూర్చుంటే ఆయన మీద వేసుకున్న నా తప్పే గుర్తొచ్చేది. పదో రోజు అర్బాబ్ కాలువ గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి, నాకు వచ్చిన కాస్త హిందీలో, నీళ్లు పోసింది నేనేనని చెప్పాను.

“మాలూమ్, యా బింతీ” అన్నాడు. బింతీ అంటే నా కూతురా అని. “నీ మొగుడు పగలంతా కాలువలోనే ఉంటాడు, నాకు తెలీదా?” ఆ మీదట “తుమ్హారే గావ్ మే పేడ్ కో నహలాతే క్యా?” అన్నాడు. మీ ఊళ్లో చెట్లకు స్నానం చేయిస్తారా అని. నవ్వలేదు. నేను ఔనన్నాను. ఆకుతోట సంగతి చెప్పాను. పందిరి, తీగలు, చెంబు, అన్నీ. పాప పోయాక అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన విని, “ఇకనించి కిందే పొయ్యి” అని, ఆ పని మళ్లీ నాకే వదిలి లేచి వెళ్లాడు.

మిగిలిన ఐదింటికీ కిందే పోశాను. ఎండాకాలంలో ఒకటి మెల్లగా తెల్లబారి ఎండిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. దాని నెత్తినా నెలరోజులు నీళ్లు పోసింది నేనే.

ఎండలు తగ్గాక పెద్దకొడుకు వచ్చాడు. గుంతల మధ్య తిరిగి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగు. తండ్రి వైపు చూశాడు. అర్బాబ్ తలపాగా సర్దుకుని, “ఖలాస్” అన్నాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఎండిపోయిన ఐదోది నా నీళ్లతోనే పోయిందని కొడుకుతో చెప్పి గడువు అడగవచ్చు. అడగలేదు.

తోటలో పెద్దచెట్లు కొట్టేశారు. కాలువ పక్కన ఒక సన్నటి పట్టె మాత్రం వదిలారు. అందులో తల్లిచెట్టు, ఆ నాలుగు. మా ఆయనకు లారీల దగ్గర కాపలా పని ఇచ్చారు, మా గది తీసేయలేదు. అందుకు అల్లాకు షుకర్ చెప్పాను. రోజూ డీజిల్ పొగలోంచి బిందె మోసుకెళ్లి పోసేదాన్ని.

అర్బాబ్ మరో మూడేళ్లు బతికాడు. ఆయన పోయిన తర్వాతి వేసవిలో ఆ నాలుగింట్లో ఒకటి మొదటి గెల వేసింది. పెద్దకొడుకే గెల కోయించి, చిన్న పళ్లెంలో ఏడు పళ్లు పెట్టుకుని మా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. పళ్లెం కింద పెట్టి, లారీల మధ్యగా వెళ్లిపోయాడు.

బిస్మిల్లా అని ఒకటి నోట్లో వేసుకున్నాను.

“తియ్యగుందా?” అన్నారు మా ఆయన.

“ఉంది” అన్నాను. రెండోది తింటే గానీ నిజంగా తెలియలేదు. మిగతావి ఆయనకిచ్చి, గింజలు రెండూ కడిగి కొంగున కట్టుకున్నాను.