ఇరవై నిమిషాల సెలవు

రోజూ పొద్దున్న ఆరింటికి, సర్వరును ఆపేముందు, బావగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించేవారు. "ఈ రెండు నిమిషాల్లో ఎవరికీ ఆపద రానీయకు స్వామీ" అనుకునేవారు. మా ఆఫీసులో అందరికీ ఆయన బావగారే. మాది రక్తదాతల నంబర్లు చూపించే వెబ్‌సైటు. సర్వరు ఆగి లేచేదాకా అది తెరుచుకోదు.

ఆపక తప్పేది కాదు. ఆ ప్రోగ్రాము పనికోసం తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వదు. రోజు దాటితే ఉన్నదంతా మింగేసి కూలబడుతుంది.

"చిల్లుకుండమ్మా ఇది. చిల్లెక్కడో తెలియడం లేదు" అనేవారు, ఫోను దగ్గర కూర్చునే అక్కతో.

"తెలిస్తే ఇక మీకు పనేముంటుంది బావగారూ?" అని ఆటపట్టిస్తూనే, ఆమె తన ఫ్లాస్కులోని టీ సగం ఆయన గ్లాసులో పోసేది.

తెలుసుకునే దారి ఒకటుంది. మెల్లగా ఆగనిస్తే ఆ ప్రోగ్రాము, పోతూ పోతూ, ఎక్కడ ఎంత మెమరీ వదిలేసిందో చిట్టా రాస్తుంది. బలవంతంగా ఆపితే ఒక్క ముక్క రాయదు. మెల్లగా అంటే ఇరవై నిమిషాలు. మేనేజరు ఇచ్చేది రెండే.

"పోయేదాని చేత వీలునామా రాయిస్తారా? పీక నొక్కి లేపండి" అనేవాడు.

తొమ్మిదేళ్ళు అలాగే నొక్కారు.

ఈలోగా సర్వరు తనంతట తనే ఆగి లేచే ఏర్పాటు వచ్చింది. బావగారి ఉద్యోగం పోయింది. చివరి రోజున మేనేజరు మనసు కరిగి, "సరే, ఇరవై నిమిషాలూ తీసుకోండి" అన్నాడు.

పదకొండో నిమిషంలో ఫోను మోగింది.

"ఎవరో ఆయన, భార్యకి కాన్పు కష్టమైందట. రక్తం కావాలట. సైటు రావడం లేదంటున్నాడు" అంది అక్క.

బావగారు తెర వంక చూశారు. చిట్టాలో మొదటి వరుసైనా పడలేదు.

"లైన్లోనే ఉండమనమ్మా" అని, బలవంతంగా ఆపి మళ్ళీ లేపారు. సైటు తెరుచుకుంది. అక్క ఒక్కో నంబరూ చదివి చెప్పింది. అవతల ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు ఇంకోసారి ఆపడానికి వీల్లేదు. మర్నాటి నుంచి ఆయన ఉద్యోగంలో లేరు. చిల్లు చిల్లుగానే ఉండిపోయింది.

వెళ్తూ వెళ్తూ గ్లాసు కడిగి బోర్లించి, అక్క దగ్గర నిలబడ్డారు.

"రేపట్నుంచి ఆరింటికి అదే ఆగుతుందమ్మా. ఆ రెండు నిమిషాలూ ఫోను దగ్గర్నుంచి లేవకు. ఎవరైనా చేస్తే లైన్లో ఉండమని చెప్పు. ఈ ఒక్క సాయం చెయ్యి తల్లీ."