ఇంటి గోలీ, కంపెనీ గోలీ

మా సైట్‌లో మగవాళ్ళకి మందులంటే రెండే రకాలు. ఊరి నుంచి వచ్చింది ఇంటి గోలీ, నేను చేతిలో పెట్టేది కంపెనీ గోలీ. ఇంటి గోలీకి పవర్ ఎక్కువని, కంపెనీ గోలీ ఊరికే ఇస్తారు కాబట్టి అందులో ఏమీ ఉండదని వాళ్ళ గట్టి నమ్మకం. "ఉట్టిగ ఇచ్చేదాంట్ల ఏముంటది సిస్టర్" అని నా మొహం మీదే అనేవాళ్ళు. నేను గోదావరి మనిషిని, నా నోరు ఊరుకోదు. "ఏమీ లేకపోతే మరి లైన్లో ఎందుకు నిలబడ్డారండీ" అనేదాన్ని. నవ్వుకుంటూ పట్టుకుపోయేవాళ్ళు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ పక్కన కడుతున్న ఒక టవర్ దగ్గర, పోర్టా క్యాబిన్‌లో నా క్లినిక్. డాక్టరుగారు చాలా సైట్లు చూసుకోవాలి కాబట్టి వారానికోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో షుగర్ చూడటం, ఆయనకు ఫోన్లో చెప్పడం, ఆయన రాసిన మందు అందించడం నా పని. మందు రాసే అధికారం గానీ, డోసు మార్చే అధికారం గానీ నాకు లేవు. ఒక మనిషిని పనిలోంచి ఆపే అధికారం అంతకన్నా లేదు.

మా టవర్ క్రేన్ ఆపరేటర్ జగిత్యాల వైపు మనిషి. కరోనాలో విమానాలు ఆగిపోయినప్పుడు ఆయన ఇంటి గోలీలు అయిపోయాయి. షుగర్ పెరిగి, కళ్ళు మసకలంటూ నా దగ్గరకు వచ్చాడు. డాక్టరుగారు గోలీ మొదలుపెట్టి మెల్లగా డోసు పెంచారు. నేను తిండి విషయంలో కనిపించినప్పుడల్లా వాయించేదాన్ని. ఆయన ఎదురు చెప్పకుండా చాయ్‌లో చక్కెర మానేశాడు, బిస్కెట్లు మానేశాడు, రాత్రి అన్నం మానేసి రొట్టెలు చేసుకున్నాడు. చెప్పిన మాట వినే రోగి దొరకడం నర్సుకి పండగే. కొన్నాళ్ళకి షుగర్ దారిలో పడింది. నేను గర్వపడ్డాను కూడా.

తర్వాత విమానాలు తిరగడం మొదలైంది. వీళ్ళుండే లేబర్ క్యాంపులో ఒక పద్ధతి ఉంది. సెలవు మీద ఎవడు ఊరికి పోయినా, వచ్చేటప్పుడు రూంలో అందరి ఇళ్ళకీ తిరిగి పార్సిళ్ళు మోసుకు రావాలి. తన బట్టలు వదిలేసైనా సరే, పక్కవాడి సకినాలు తేవాలి. అలా కరోనా తర్వాత మొదటిసారి ఊరికి వెళ్ళొచ్చిన వాడు మా ఆపరేటర్ రూంమేటే, ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సర్. వాడు ఏమేం తెచ్చాడో నాకు తెలియదు. తెలిసింది ఒక పొద్దున, వేలికి కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు.

"సిస్టర్, నాకు గూడ షుగర్ సూడున్రి. ఉంటే మా ఆపరేటరన్న లెక్క నేను గూడ రెండు గోలీలు షురూ జేస్త."

"రెండేంటి?"

"ఇంటిది ఒకటి, మీది ఒకటి. నేను అచ్చినకాడికెల్లి రెండు ఏసుకుంటుండు. వదిన పంపింది గద, పారేస్తడా?"

పేరేమిటని అడిగితే ఫోన్‌లో ఫోటో చూపించాడు. వదిన డబ్బులిస్తే ఊళ్ళో మెడికల్ షాపులో కొనడానికి వాడు తీసుకెళ్ళిన అట్ట ఫోటో. పైన పేరు వేరే. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు, నేను ఇచ్చేదే. ఇంకా ఎక్కువ పవర్‌ది. పొద్దున్నే పరగడుపున ఆ రెండూ వేసుకుని మనిషి పైకెక్కుతున్నాడన్నమాట.

"ఇవాళ ఎలా ఉన్నాడు?" అన్నాను.

"మంచిగనే ఉన్నడు. బస్సుల జరంత చెమటలు వట్టినయ్, చేతులు వణికినయ్. ఏం గాదు అనుకుంట ఎక్కిండు."

అదే బస్సులో ఏసీకి తట్టుకోలేక నేను చున్నీ కప్పుకుని వచ్చాను. ఆ చలిలో చెమటలు పట్టాయంటే షుగర్ పడిపోతోందని అర్థం. కిటికీలోంచి చూశాను. క్రేన్ తిరుగుతోంది. కాంక్రీట్ బకెట్ వేలాడుతోంది. దాని కింద శ్లాబు మీద మనుషులు.

కట్టు సగంలో వదిలేశాను. గ్లూకోజ్ పాకెట్లు, జ్యూస్ డబ్బాలు సంచీలో వేసుకుని పరిగెత్తాను. పరిగెడుతూనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

ఫోర్‌మన్ పంజాబీ మనిషి. నా హిందీ అంతంతమాత్రమే. క్రేన్ ఆపాలన్నాను. డాక్టర్ పేపర్ ఏదన్నాడు. కాంక్రీట్ లారీలు బయట నిలబడి ఉన్నాయి, ముదీర్‌కి, అదే మేనేజర్‌కి, ఏం చెప్పాలి, ఆపరేటర్ తనంతట తాను ఏమీ చెప్పలేదే అన్నాడు. ఆయన మాటల్లో తప్పు లేదు, కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. షుగర్ పడిపోయినవాడికి గ్లూకోజ్ ఇవ్వడానికి నాకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆ గ్లూకోజ్ తాగాల్సిన వాడు ఆకాశంలో ఉన్నాడు. ఫోర్‌మన్ చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాను. ఆడమనిషి అలా లాక్కుంటుందని ఆయన ఊహించలేదు.

"అన్నా, నేను సిస్టర్‌ని. వినపడుతోందా?"

గరగర. తర్వాత మెల్లగా, "ఆఁ... సిస్టర్."

"ఏమైనా తిన్నారా?"

"తింట. ఈ బకెట్ దించి తింట."

మాట సాగుతోంది. తాగినవాడి మాటలా ఉంది. ఆయన చుక్క ముట్టడని నాకు తెలుసు.

"బకెట్ సంగతి వదిలేయండి. చేతులు తీసేయండి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోండి."

"పని నడుస్తున్నది సిస్టర్. నీకేం ఎరుక దీని సంగతి. నడువు అవతలికి."

ఎప్పుడూ నన్ను మీరు అనే మనిషి. షుగర్ పడితే కోపం వస్తుందని చదువుకున్నాను. ఆ మాటే ఫోర్‌మన్‌ని కూడా తాకింది. తెలుగు రాకపోయినా, ఆ గొంతు మా ఆపరేటర్‌ది కాదని గుర్తుపట్టాడు. ఇంకేమీ అనకుండా శ్లాబు మీద వాళ్ళని పక్కకి తప్పుకోమని అరిచాడు. కింద నుంచి సైగలు చేసే రిగ్గర్‌ని, మన తెలుగువాడినే, నా సంచీతో నిచ్చెన ఎక్కించాడు. ఆ నిచ్చెన క్రేన్ కడుపులోంచి పైదాకా పోతుంది. ఎంత గట్టివాడైనా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సిందే.

"అన్నా, మీ దగ్గర తీపి ఏమన్నా ఉందా? చాయ్ ఉందా?"

"చాయ్ ఉన్నది. చక్కర లేంది. మీరే గద బంద్ జెయ్యమన్నరు."

"బిస్కెట్?"

"అవి గూడ వద్దన్నరు."

చెప్పిన మాట వినే రోగి. ఆ క్షణంలో ఆయన ఒక్కసారి, ఒక్క బిస్కెట్ ముక్క విషయంలో నన్ను మోసం చేసి ఉంటే బాగుండునని అనిపించింది. టిఫిన్ డబ్బా ఏదంటే కింద బస్సులో ఉందన్నాడు. కాళ్ళ దగ్గర బరువు ఎందుకని పైకి తీసుకెళ్ళడట.

మాట్లాడుతూనే ఉన్నాను. మీ ఆవిడ ఏం చేస్తోంది అన్నాను. బీడీలు చుడుతది అన్నాడు. పాప ఏం చదువుతోంది అన్నాను. జవాబు రావడానికి చాలా సేపు పట్టింది. "చదువుతది" అన్నాడు. చేతులు ఎక్కడున్నాయి అన్నాను. జవాబు లేదు. బకెట్ గాలికి కొంచెం ఊగుతోంది. రిగ్గర్ ఇంకా సగంలోనే ఉన్నాడు. నేను మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నాను. సైట్ అంతా పని ఆపి పైకి చూస్తోంది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

వాకీటాకీ గరగరమంది. రిగ్గర్ గొంతు. "సిస్టర్, కండ్లు తేలేసిండు గని మింగుతుండు. తాగిస్తున్న."

అప్పుడు వాకీటాకీ ఫోర్‌మన్‌కి తిరిగిచ్చాను.

ఆయన తెలివిలోకి వచ్చి, బెల్టు కట్టుకుని, రిగ్గర్ ముందు నడుస్తుంటే కిందకి దిగాడు. క్లినిక్‌లో మంచం మీద పడుకోబెట్టి, రెండు గోలీల సంగతి మీ రూంమేట్ చెప్పాడన్నాను. అప్పుడు డాక్టరుగారు ఫోన్ ఎత్తారు. ఆయన మాట్లాడబోయేలోపే ఆపరేటర్ నా చేయి పట్టుకున్నాడు.

"సిస్టర్, తినక పొయ్యిన అని చెప్పున్రి. క్రేన్ మీద అయ్యిందనకున్రి, రెండు గోలీల ముచ్చట తియ్యకున్రి. నన్ను దించేస్తరు. మల్ల ఎక్కనియ్యరు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండు గోలీల సంగతి దాస్తే, డాక్టరుగారు నేను ఇచ్చేది తగ్గిస్తారు. షుగర్ మళ్ళీ పెరిగితే ఈయన సంచీలోని ఇంటి గోలీ మళ్ళీ తీస్తాడు. ఇంకో పొద్దున ఇంకో బకెట్. నేను అన్నీ చెప్పాను, క్రేన్ సంగతితో సహా. ఆయన నా చేయి వదిలేసి గోడ వైపు తిరిగాడు. ఈ మందు పట్టు తొందరగా వదలదు, మళ్ళీ పడిపోవచ్చు, వెంటనే ఆస్పత్రికి పంపించు అన్నారు డాక్టరుగారు.

ఆస్పత్రి నుంచి క్షేమంగా వచ్చాడు. కొన్నాళ్ళు మాత్రమే కింద పని అని డాక్టరుగారు రాశారు. ఆ కొన్నాళ్ళలో కంపెనీ ఇంకో ఆపరేటర్‌ని తెచ్చింది, ఖలాస్. ఈయన్ని స్టోర్‌లో పెట్టారు, జీతం తగ్గింది. నేను చేసింది సరైనదే. ఇవాళ జరిగినా అదే చేస్తాను. అయినా స్టోర్ ముందు నుంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

ఒక రోజు ఆయనే షుగర్ చూపించుకోవడానికి వచ్చాడు. వేలు తుడుస్తుంటే అన్నాడు.

"మీరు నా పానం కాపాడిన్రు సిస్టర్. మా ఇంటామె రోజు మీ పేరున దీపం వెడుతది. గని ఒక మాట చెప్త. ఇగ మా క్యాంపుల ఎవ్వడు మీకు ఇంటి గోలీల సంగతి చెప్పడు. చెప్పద్దని నేనే అన్న."

సూది పక్కన పెట్టాను. "ఎవరెవరు వేసుకుంటున్నారు? డ్రైవర్లు ఉన్నారా వాళ్ళలో? అన్నా, మిమ్మల్నే అడుగుతున్నాను."

ఆయన వేలు ముందుకు చాపాడు. గుచ్చి చూశాను. ఆయన షుగర్ చక్కగా ఉంది.