ఆచారి తగ్గించిన తుపాకీ కొయ్య

మా ఆచారి చనిపోయాడన్న సంగతి నాకు మూడో రోజున తెలిసింది. అదీ ఏర్పేడు బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే. ఆయన ఇంటి నుంచి నాకు ఫోను రాలేదు. రాకపోవడమే న్యాయం.

ఆయన దేవుడి బొమ్మలు చెక్కే వడ్రంగి. నా దగ్గర మా నాయన వదిలిపోయిన ఒంటి గొట్టం తుపాకీ ఉంది. చేలో అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషనులో అప్పగించాలి. అక్కడ తుపాకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. తిరిగి వచ్చేసరికి భుజానికి ఆనించే కొయ్య నిండా గీతలు, చొట్టలు. అప్పుడు ఆచారి దగ్గరికి పోయేవాడిని.

"ఇనుము నీ ఇంట్లోనే పెట్టుకోన్నా. కొయ్య మాత్రం తీసకరా. ఈడ దేవుళ్ళుండారు" అనేవాడు.

గొట్టం ఊడదీసి, కొయ్య ఒక్కటే గోనెసంచిలో చుట్టి తీసుకుపోయేవాడిని. పాత వార్నిషును గాజుపెంకుతో గీకేవాడు. చొట్ట మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి కొయ్య ఉబ్బి పైకి లేచేది. లోతు గీతలను మాత్రం పూర్తిగా తీసేవాడు కాదు. "అంతా గీకేస్తే చేతికి ఏం మిగల్దన్నా" అనేవాడు. ఉప్పుకాగితంతో నునుపు చేశాక అవిసె నూనె. గుడ్డతో కాదు, అరచేత్తో. వేడి పుట్టేదాకా రుద్ది, ఆరబెట్టి, మరునాడు మళ్ళీ. వారం పట్టేది. తొందరపెడితే నవ్వేవాడు: "చెనిక్కాయలు ఏసిన మర్నాడే పెరుకుతావా నువ్వు?"

అరవై ఐదు దాటాక తుపాకీ నా మాట వినడం మానేసింది. భుజం గుంటలో కూర్చోక చేతి కండ మీదికి జారేది. కాల్చిన ప్రతిసారీ అక్కడ నల్లగా కమిలేది. ఎవరికీ చెప్పలేదు. ఒక ఎండాకాలం ఆయన వాకిట్లో చొక్కా విప్పి కూర్చున్నాను. ఆయన ఆ కమిలిన చోటు చూశాడు.

ఆ తడవ కొయ్య తిరిగి వచ్చాక తుపాకీ భుజానికి చక్కగా అతుక్కుంది. టీ అంగడి దగ్గర రొమ్ము విరుచుకున్నాను. "సూడండ్రా, డెబ్బై వస్తా ఉండాది, తుపాకీ ఎట్ల నిలబడిందో! మా నాయన రక్తం!"

ఆచారి పక్కనే టీ తాగుతున్నాడు. "అవునన్నా, నీ భుజం అట్లాంటిది" అన్నాడు.

మళ్ళీ ఎలక్షన్లయ్యాక కొయ్య తీసుకుపోతే, ఆయన అలమరలో రెండు వేళ్ళ మందం ముక్క ఒకటి కనిపించింది. దాని చారలు నేను చిన్నప్పటి నుంచి ఎరిగినవి.

"ఇది నాదే గదా?"

"నీదేన్నా. ఎనకపక్క కోసి పొడుగు తగ్గించినా. నీ కొడుకు ఎత్తుమనిషి. ఆయప్ప చేతికి పోయినప్పుడు మళ్ళీ అతికిద్దామని దాచినా."

"నేను పొట్టోడినయినానా?"

"ఎండినావు. కొయ్య ఎండదా? దానికి సిగ్గెందుకన్నా?"

కొయ్య గుంజుకుని వచ్చేశాను. అదే టీ అంగడి దగ్గర నలుగురిలో అన్నాను: "ఆ ఆచారి మా నాయన తుపాకీ పాడు సేసినాడు. పని రాదు వానికి." నా మాట విని మిగతా లైసెన్సువాళ్ళు ఆయన దగ్గరికి పోవడం మానేశారు. తలుపులు, కిటికీలు చేయించుకునేవాళ్ళూ తగ్గారు. ఆ కొయ్యను నేను టౌనులో సోఫాల అంగడికిచ్చాను. మిషనుతో గీకి, అద్దంలా వార్నిషు కొట్టారు. చెమట పట్టిన చేతికి ఆ వార్నిషు నిలవదు. అయినా నాలుగేళ్ళు ఆచారి గడప తొక్కలేదు. ఎదురుపడితే ఆయన చెయ్యెత్తేవాడు. నేను తల తిప్పుకునేవాడిని.

చావు సంగతి తెలిసిన రోజే పోయాను. కర్మకు ముందు ఇంటికి సున్నం కొడుతున్నారు. ఆయన భార్య నన్ను కూర్చోమనలేదు.

"అమ్మా, ఆ పొద్దు నేనన్నది అబద్దం. ఆయప్ప నాకు మేలే సేసినాడు" అన్నాను.

"నాకెందుకప్పా సెప్తావు? టీ అంగడి కాడ గదా అన్నావు. ఆడనే సెప్పుపో."

పోయి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, నా భుజం సంగతితో సహా. వాళ్ళు నవ్వారు. "పోయినోళ్ళ గురించి అందురూ మంచే సెప్తార్లేన్నా" అన్నారు. ఒక్కడూ నమ్మలేదు. ఆయన బతికుండగా చెప్పి ఉంటే నమ్మేవాళ్ళు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ కొయ్యను పాడుచేసింది ఆయన కాదు, నేను.

ఆ ఇంట్లో చూసింది ఒకటి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆయన పని చేసే మూల, లేచేటప్పుడు ఆనుకునే చోట, గోడ మీద నూనె చెయ్యి అచ్చు ఉంది. ఆయన కోడలు దాని మీద రెండు పూతలు సున్నం కొట్టింది. తడి ఆరేకొద్దీ ఆ చెయ్యి, ఐదు వేళ్ళతో, పసుప్పచ్చగా పైకి వస్తోంది.